పార్సెల్ వద్దంటే ఏమవుతుంది? కొరియర్, పోస్టు: వెనక్కొచ్చే దారి మీద నా రివ్యూ

నమస్కారమండీ. ఇదిగో, ఈ అట్టపెట్టె చూడండి. ఒక మూల నొక్కుకుపోయింది, అడుగున నూనె మరక. లోపల రెండు కిలోల ఆవకాయ ఉంది. తెనాలి నుంచి నిజామాబాద్ వెళ్లింది, ఇంటి గుమ్మం దాకా చేరింది. "మాకొద్దు" అన్నారు. పద్నాలుగో రోజుకి మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

ఎవరు త్వరగా చేరుస్తారు, ఎవరు చవక అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. తిరిగొచ్చే దారి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నాలాగా ఇంట్లోంచి సరుకు పంపేవాళ్ల లాభం, నష్టం అక్కడే తేలుతుంది. కొరియర్‌లోనూ పోస్టులోనూ నాకు పార్సెళ్లు వెనక్కొచ్చాయి కాబట్టి రెండూ చెప్తాను.

ముందు కొరియర్, క్యాష్ ఆన్ డెలివరీ. కంపెనీ పేరు చెప్పను. వెనక్కి రావడాన్ని వాళ్లు ఆర్‌టీఓ అంటారు, రిటర్న్ టు ఆరిజిన్. డెలివరీ బాయ్ యాప్‌లో "కస్టమర్ రిఫ్యూజ్డ్" అని నొక్కుతాడు, మనకి ట్రాకింగ్‌లో ఆర్‌టీఓ అని పడుతుంది. ఆ మాట పడ్డాక ఆపించడం నావల్ల కాలేదు. ఈ పెట్టెకి పోను 160 రూపాయలు, రాను 140, రెండూ నాకే వేశారు. అది కూడా పెద్ద బాధ కాదు. వేసవిలో రెండు వారాలు గోడౌన్లలో, వ్యాన్లలో తిరిగిన పచ్చడిని ఇంకొకరి ఇంటికి ఎలా పంపుతాను? చీరైతే ఇస్త్రీ చేసి మళ్లీ అమ్ముకోవచ్చు. తినే వస్తువు వెనక్కొచ్చిందంటే అసలు కూడా పోయినట్టే. మా అత్తగారు కాయ తుడిచి, ముక్క కొట్టించి, జాడీలో మూడో రోజు తిరగ కలిపిన పచ్చడి అది. పారబొయ్యాలంటే చెయ్యి రాదు.

అసలు ఎందుకు వద్దన్నారు? ఆర్డర్ పెట్టింది ఆ ఇంటి కోడలు. పార్సెల్ వచ్చేసరికి ఆవిడ ఆఫీసులో ఉన్నారు. ఇంట్లో ఉన్న మామగారికి సంగతి తెలియదు. డబ్బు కట్టమనగానే "మేమేం తెప్పించలేదు" అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఎవరూ అడగని పార్సెల్ తెచ్చి డబ్బు గుంజే మోసాలు జరుగుతున్నాయి, పెద్దవాళ్లు ఆ మాత్రం జాగ్రత్తగా ఉండాల్సిందే.

నాకు కోపం తెప్పించింది ఇంకో పార్సెల్. గుమ్మం దాకా ఎవరూ రాకుండానే "రిఫ్యూజ్డ్" అని పెట్టేశారు. కస్టమర్ తన ఫోన్ కాల్ లిస్ట్ తీసి నాకు పంపారు, కొరియర్ నుంచి ఒక్క కాల్ కూడా లేదు. అప్పటినుంచి డెలివరీ రోజు మధ్యాహ్నం, సాయంత్రం నేనే ట్రాకింగ్ చూసుకుంటున్నాను. తేడా కనిపిస్తే ఆర్‌టీఓ పడకముందే, ఆ పూటే ఫిర్యాదు పెట్టేయండి. తెల్లారితే పెట్టె తిరుగు ప్రయాణంలో ఉంటుంది. వెనక్కొచ్చే దారికి కొరియర్‌కి నేనిచ్చేది ఐదుకి రెండు.

ఇక పోస్టు. స్పీడ్ పోస్టులో వెళ్లి తిరిగొచ్చిన ఈ కవర్ చూడండి. వద్దంటే పోస్ట్‌మన్ కవరు మీదే "రిఫ్యూజ్డ్" అని రాసి, తేదీ వేసి, సంతకం పెడతారు. ఇల్లు తాళం ఉంటే "డోర్ లాక్డ్", మారిపోతే "లెఫ్ట్", చిరునామా చాలకపోతే అదీ రాస్తారు. దీని మీద "ఇన్‌సఫిషియెంట్ అడ్రస్" అని ఉంది, ఎందుకంటే నేను డోర్ నంబర్ వెయ్యలేదు. తప్పెక్కడుందో కవరే చెప్పింది. తిరిగొచ్చినందుకు నా దగ్గర విడిగా డబ్బు తీసుకోలేదు.

ఆ "రిఫ్యూజ్డ్" అన్న మాట గురించి ఒక్క నిమిషం ఆగాలి. చెక్ బౌన్స్ నోటీసు వస్తే కవరు తీసుకోకపోతే చాలు, కేసు నిలవదు అనుకునేవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. అది నిజం కాదండీ. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామా రాసి, ఖర్చు కట్టి రిజిస్టర్డ్‌గా పంపితే నోటీసు అందినట్టే లెక్క, అందలేదని ఎదుటివాళ్లు రుజువు చేస్తే తప్ప. చెక్కు కేసుల్లో 2007లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచ్ కూడా ఇదే చెప్పింది. కాబట్టి నోటీసును వెనక్కి పంపకండి. తీసుకుని చదవండి, అందిన 15 రోజుల్లో డబ్బు కట్టే అవకాశం మీకుంటుంది.

రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు విడిగా లేదు. 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టు మీద ఐదు రూపాయలు, దానిపైన జీఎస్టీ కడితే రిజిస్ట్రేషన్ చేస్తారు. ఓటీపీ డెలివరీకీ అంతే. ఖరీదైన పార్సెల్‌కి ఓటీపీ తప్పకుండా పెట్టించుకోండి.

మరి అటూ చేరక, ఇటూ పంపినవాళ్లు దొరక్కపోతే? దానికి రిటర్న్డ్ లెటర్ ఆఫీస్ ఉంది, ఒకప్పుడు డెడ్ లెటర్ ఆఫీస్ అనేవాళ్లు. అక్కడ అధికారులు పెట్టె విప్పి లోపల చిరునామా ఉందేమో చూస్తారు. పచ్చళ్లవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. నూనె కారితే ముందు చెరిగిపోయేది పైన రాసిన అడ్రసే. నేను రెండు చిరునామాలూ కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, డబ్బా పక్కన లోపలే పడేస్తాను.

పోస్టుకి ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి తగ్గించింది ట్రాకింగ్‌కి. రిటర్న్ మొదలయ్యాక రెండు మూడు రోజులు ఏ కబురూ కనిపించలేదు.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఇది వినండి. విదేశీ పార్సెల్ ఫారంలో, అవతల అందకపోతే ఏం చెయ్యాలి అని ఒక గడి ఉంటుంది: వెనక్కి పంపాలా, వదిలెయ్యాలా. కౌంటర్ దగ్గర తొందరలో చాలామంది అది చదవరు. వెనక్కి పంపమంటే తిరుగు ఖర్చు మన మీద పడొచ్చు. కిలో పచ్చడికి ఆ ఖర్చు దండగ, వదిలెయ్యమని రాయండి. బంగారు అంచు చీర పంపుతుంటే వెనక్కి పంపమనే రాయండి.

క్యాష్ ఆన్ డెలివరీ కొత్తదేం కాదు. వీపీపీ, అంటే పోస్ట్‌మన్‌కి డబ్బు కట్టి పార్సెల్ తీసుకునే పద్ధతి, మన దేశంలో 1877లోనే వచ్చింది. మా నాన్న పుస్తకాలు వీపీపీలోనే తెప్పించుకునేవారు. పోస్ట్‌మన్ వచ్చే రోజుకి డబ్బు లెక్కపెట్టి అలమరలో ఉంచి, నేను లేకపోతే ఇది ఇచ్చి తీసుకో అని అమ్మకి చెప్పి వెళ్లేవారు.

ఇప్పుడు నేనూ ఆ మాటే అడుగుతున్నాను. పంపే ముందు ఫోన్ చేసి, "అమ్మా, ఆ రోజు ఇంట్లో ఎవరుంటారు? వాళ్లకి చెప్పి ఉంచుతారా?" అంటాను. సగం డబ్బు ముందే వేయించుకుంటాను. నిజామాబాద్ ఆవిడ సంగతి తెలిసి చాలా నొచ్చుకున్నారు. పాత పార్సెల్ ఖర్చుతో కలిపి మొత్తం పంపి, మళ్లీ రెండు కిలోలు అడిగారు. ఈసారి పెట్టె మీద ఆవిడ పేరు కింద మామగారి ఫోన్ నంబర్ రాశాను. రేపు పొద్దున్నే పోస్టాఫీసు కౌంటర్‌కి తీసుకెళ్తున్నాను.