అడగకముందే క్యాప్షన్లు పెట్టండి

సభకు నమస్కారం. అధ్యక్షులకు, నిర్వాహకులకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. కానీ ఇచ్చిన సమయం తక్కువ, చెప్పాల్సింది చాలాకాలంగా మనసులో నలుగుతోంది. మన్నించండి, నేరుగా విషయానికి వస్తాను.

నా వెనుక తెర మీద, స్లైడుకు పైన అక్షరాలు కదులుతున్నాయి, చూశారా? ఇప్పుడు నేను మాట్లాడుతున్న మాటలే అవి. వీటినే క్యాప్షన్లు అంటారు. చివరి వరుసవారికి కనిపిస్తున్నాయా? కనిపించనివారు చెయ్యెత్తండి, అక్షరం పెంచుతారు. మంచిది.

కొన్నేళ్ల క్రితం ఒక శిక్షణ తరగతిలో వారం రోజులు పాఠాలు చెప్పాను. ముందు వరుసలో ఒకావిడ కూర్చునేవారు. చెవికి వినికిడి యంత్రం ఉండేది. ఏ రోజూ ఏమీ అడగలేదు, అన్నీ అర్థమవుతున్నాయనుకున్నాను. చివరి రోజు ఆవిడ నోటుపుస్తకం నా కంటపడింది. స్లైడులోని ప్రతి శీర్షికా గుండ్రని అక్షరాలతో రాసుకున్నారు. దాని కింద నాలుగైదు గీతలు ఖాళీ. పేజీ తిప్పితే మళ్లీ శీర్షిక, మళ్లీ ఖాళీ. ఎందుకమ్మా వదిలేశారని అడిగాను.

"అవి మీరు తెర వైపు తిరిగి చెప్పినవండీ. పెదవులు కనపడలేదు. ఎవరినైనా అడిగి తర్వాత రాసుకుందామని."

నాకెందుకు చెప్పలేదన్నాను. "ప్రతిసారీ అడిగితే పాఠం ఆగిపోతుంది కదండీ" అన్నారు.

ఎవరైనా అడిగితే క్యాప్షన్లు పెడదాం అంటుంటాం. నిండు సభలో లేచి నిలబడి నాకు వినపడదని చెప్పుకోవాల్సిన భారం వాళ్ల మీద ఎందుకు వేయాలి? వినికిడి లోపం వల్ల పునరావాస సేవలు అవసరమైనవారు ప్రపంచంలో 43 కోట్లకు పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారిలో ఒక్కరైనా మన ఎదుట ఉండరని ఏ ధైర్యంతో అనుకుంటాం?

మాటల్ని అక్కడికక్కడే అక్షరాలుగా మార్చే సాధనం లేదా అంటే ఉంది. స్లైడులు చూపించే గూగుల్ స్లైడ్స్‌లో 2018లోనే వచ్చింది, అలాంటిదే అయిన పవర్‌పాయింట్‌లో ఆ మరుసటి ఏడాది. ఇంటర్నెట్టు, మైకు ఉంటే చాలు. పవర్‌పాయింట్‌లో అక్షరాలను స్లైడుకు పైన కూడా పెట్టుకోవచ్చు. ముందువాళ్ల తలలు అడ్డొచ్చే చోట పైనే పెట్టండి.

మైకు అన్నాను కాబట్టి ఇది చెప్పి తీరాలి. "నా గొంతు పెద్దది, మైకు అక్కర్లేదు" అని పక్కన పెట్టేసే వక్తలంటే నాకు కోపం. క్యాప్షన్లు రాసే యంత్రం మైకు ద్వారానే వింటుంది. మీరు మైకు వదిలేస్తే తెర మీద వాక్యం సగంలో తెగిపోతుంది. దయచేసి, దయచేసి మైకు వదలకండి.

యంత్రం తప్పులు రాస్తుంది, నిజమే. పేర్లు, సాంకేతిక పదాలు తారుమారవుతాయి. ఒక్క "కాదు" జారిపోతే అర్థం తలకిందులవుతుంది. అందుకే పేర్లను స్లైడు మీదే రాయండి, నిదానంగా మాట్లాడండి, మధ్యమధ్య తెర చూసి తప్పు కనబడితే ఆ మాట మళ్లీ చెప్పండి. వైద్యం, చట్టం, పరీక్షల వంటి విషయాలైతే యంత్రాన్ని నమ్ముకోవద్దు. స్టెనో యంత్రం, అంటే మాటలను వేగంగా టైపు చేసే ప్రత్యేక కీబోర్డు, దాని మీద నిమిషానికి 200 మాటలకు పైగా కొట్టగల నిపుణులు ఉన్నారు, వారిని పిలవండి. సంజ్ఞా భాషే తమ భాష అయినవారికి అనువాదకులు కావాలి. క్యాప్షన్లు పెట్టాం కదా అని అనువాదకులను పిలవడం మానేయకూడదు.

ఇక ప్రశ్నలు. మైకు మీ చేతికి వచ్చేదాకా ఆగి అడగండి. మైకు లేకుండా ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను నేను మైకులో మళ్లీ చెబుతాను, అది తెర మీదికి వచ్చాకే జవాబిస్తాను.