సఫ్వాన్ ఖర్జూరం, 1,430 మీటర్లు
(జాతీయ సర్వే దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న సర్వేయర్లకు, సర్వే చదువుకుంటున్న పిల్లలకు నమస్కారం.

1802 ఏప్రిల్ 10న బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బేస్‌లైన్, అంటే మిగతా కొలతలన్నిటికీ ఆధారమయ్యే మొదటి గీత, కొలవడం మొదలుపెట్టాడు కాబట్టి ఏటా ఇదే తేదీకి కలుస్తున్నాం. ఆయన కొలత గొలుసు గురించి ప్రతి ఏడూ వింటూనే ఉన్నాం. ఈ ఏడాది మాత్రం, కొలవకుండా వదిలేసిన ఒక దూరం గురించి చెప్పనివ్వండి. అది ఇరాక్‌కూ కువైట్‌కూ మధ్య ఎడారిలో ఉంది. కడప, రాజంపేట, కోనసీమ వైపు నుంచి వచ్చినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. మీకు కువైట్ గురించి ఒకరు చెప్పక్కర్లేదు. అబ్దలీ తోటల్లో పనిచేస్తున్న మనవాళ్లకు ఆ సరిహద్దు ఉత్తరాన కూతవేటు దూరం.

ముందు మన దస్తావేజు ఒకటి గుర్తుచేసుకోండి. చెక్కుబందిలో ఏమని రాసి ఉంటుంది? తూర్పు: ఫలానావారి పొలం. పడమర: పుంత. ఉత్తరం: బోదె. దక్షిణం: ఈతచెట్టు. రాసినవాడికి ఆ ఈతచెట్టు కళ్లముందే ఉంది. అన్నదమ్ములు కలిసి ఉన్నన్నాళ్లు ఎవరికీ ఇబ్బంది లేదు. చెట్టు పడిపోయాక, ఇద్దరి కొడుకులకీ మాటలు లేనప్పుడు ఆ దస్తావేజు మన బల్ల మీదకు వస్తుంది.

ఇప్పుడు ఇది వినండి. 1932లో ఇరాక్ ప్రధాని నూరీ అల్ సయీద్, కువైట్ పాలకుడు షేక్ అహ్మద్ ఉత్తరాలు రాసుకుని ఒప్పుకున్న సరిహద్దు, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: వాదీ అల్ ఔజా, బాతిన్ కలిసే చోటు నుంచి బాతిన్ వెంట ఉత్తరంగా, సఫ్వాన్ అక్షాంశానికి కాస్త దక్షిణాన ఉన్న బిందువు దాకా, అక్కడి నుంచి తూర్పుగా సఫ్వాన్ బావులు, జబల్ సనామ్, ఉమ్ ఖస్ర్‌లను ఇరాక్‌కు వదిలి, వాటికి దక్షిణంగా సాగి, ఖోర్ జుబైర్, ఖోర్ అబ్దుల్లా కలిసే చోటు దాకా. వాదీ అంటే ఎడారి వాగు, బాతిన్ కూడా అలాంటిదే. జబల్ అంటే కొండ, ఖోర్ అంటే సముద్రపు పాయ.

రెండు దేశాల మధ్య గీతకు ఇంతే రాత. ఇందులో ఒక్క అంకె లేదు. 1923లో ఇరాక్‌లోని బ్రిటిష్ హైకమిషనర్ పెర్సీ కాక్స్ రాసిన మెమోరాండంలోనూ సారాంశం ఇదే. 1963 అక్టోబరు 4న రెండు ప్రభుత్వాలూ సంతకాలు చేసిన మినిట్స్, అంటే ఒప్పుకోలు పత్రం, కూడా మళ్లీ ఈ 1932 ఉత్తరాలనే చూపించాయి. నలభై ఏళ్లలో ఇన్నిసార్లు కాగితం మీదకు వచ్చిన వాక్యంలో ఆ 'కాస్త' అన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. కాస్త అంటే ఎంత? ఏ చోటి నుంచి?

సఫ్వాన్ బస్రా నుంచి కువైట్‌కు వెళ్లే దారిలో బావులూ ఖర్జూరం చెట్లూ ఉన్న ఊరు. గల్ఫ్ యుద్ధంలో 1991 మార్చి 3న కాల్పుల విరమణ మాటలు జరిగింది అక్కడి ఎయిర్‌ఫీల్డ్‌లోనే. 1923లో కువైట్‌లోని బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటు ఆ ఊరికి దక్షిణాన దారి పక్కన ఒక బోర్డు పెట్టించాడు. గుంజ, దానికి కొట్టిన బోర్డు, అంతే. రెండు దేశాల మధ్య నేల మీద ఉన్న ఏకైక గుర్తు అదే. సఫ్వాన్‌లో దక్షిణపు కొసన ఉన్న చిట్టచివరి ఖర్జూరానికి ఒక మైలు దక్షిణాన అని దాని ఆనవాలు చెప్పుకునేవారు.

సర్వేయర్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. చిట్టచివరి ఖర్జూరం అంటే ఏ ఏటి లెక్కన చివరిది? తోట దక్షిణంగా ఇంకో వరస పెరిగితే సరిహద్దు కూడా దక్షిణంగా జరగాలా? నీళ్లు లేక ఆ వరస ఎండిపోతే వెనక్కి రావాలా? బోర్డు నిలబడి ఉన్నన్నాళ్లు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. 1939లో ఇరాక్ వైపు నుంచి బోర్డు పీకేశారు. 1940లో బ్రిటిష్‌వాళ్లు తిరిగి పాతించారు. పాత చోట పాతలేదు, మా నేలలోకి 250 మీటర్లు చొచ్చుకొచ్చారని ఇరాక్ అభ్యంతరం చెప్పింది. ఆ బోర్డు కూడా నిలవలేదు. 1951లో బ్రిటన్ ఇంకో ప్రతిపాదన పెట్టింది: సఫ్వాన్ కస్టమ్స్ పోస్టుకు దక్షిణంగా 1,000 మీటర్లు. అదీ నేల మీదకు దిగలేదు.

మైలంటే 1,609 మీటర్లు, అది చెట్టు నుంచి. 1,000 మీటర్లు కస్టమ్స్ పోస్టు నుంచి. సున్నా, అంటే కొలత మొదలయ్యే చోటు, వేరైతే అంకెలు పక్కపక్కన పెట్టుకుని పోట్లాడుకోవడానికి కూడా పనికిరావు. తీసేటప్పుడే ఆ పాత గుంజ గుంతను ఎవరైనా మూడు స్థిరమైన రాళ్ల నుంచి టేపుతో కొలిచి ఫీల్డ్ బుక్కులో రాసి ఉంటే! గంట పని. గంటలో అయ్యే ఆ పనికి యాభై ఏళ్ల తర్వాత భద్రతా మండలి దిగి రావాల్సి వచ్చింది.

వంద మీటర్లకు ఇంత గొడవ ఎందుకని పిల్లలు అడగొచ్చు. లెక్క కట్టండి. పది కిలోమీటర్ల పొడవు గీత వంద మీటర్లు అటో ఇటో జరిగితే చదరపు కిలోమీటరు, అంటే 247 ఎకరాలు. 430 మీటర్లు జరిగితే అదే పది కిలోమీటర్లకు వెయ్యి ఎకరాలు దాటుతుంది. ఆ ఇసుక కింద ఉన్నది రుమైలా చమురు క్షేత్రపు దక్షిణ కొస. పైన తుమ్మ మొలవని నేలే కదా అని వదిలేయగలరా?

భూమిని పంచడం, హద్దును మాటల్లో రాయడం, నేల మీద పాతడం, పాతినదాన్ని కాపాడడం అని వరసగా నాలుగు భాగాలు చెప్పాలని రాసుకొచ్చాను. బోర్డు దగ్గరే సగం సమయం పోయింది. మొదటి రెండూ వదిలేస్తాను. పాతడం మాత్రం చెప్పి తీరాలి, మన చేతి పని అదే కాబట్టి.

గల్ఫ్ యుద్ధం ముగిశాక, 1991 ఏప్రిల్ 3 నాటి భద్రతా మండలి 687వ తీర్మానంతో ఐక్యరాజ్యసమితి ఒక కమిషన్ వేసింది. అందులో ఐదుగురు: ఇరాక్ నుంచి ఒకరు, కువైట్ నుంచి ఒకరు, తటస్థులు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు సర్వే నిపుణులు, స్వీడన్‌కు చెందిన ఇయాన్ బ్రూక్, న్యూజీలాండ్‌కు చెందిన విలియం రాబర్ట్‌సన్. దీన్ని గట్టిగా పట్టుకోండి: కొత్తగా భూమి పంచే అధికారం వాళ్లకు లేదు. ఉన్న వాక్యాన్ని నేల మీద పెట్టడమే వాళ్ల పని. 1992 ఆగస్టు నాటి 773వ తీర్మానం ఆ మాటను మళ్లీ స్పష్టం చేసింది.

'కాస్త' అన్న మాటను వాళ్లు ఎలా విప్పారో చూడండి. పాత రికార్డులన్నీ తూచి 1992 ఏప్రిల్‌లో ఇలా తేల్చారు: పాత కస్టమ్స్ పోస్టు కాంపౌండు గోడ నైరుతి మూల నుంచి, పాత రోడ్డు వెంట, దక్షిణంగా 1,430 మీటర్లు. ఏ కట్టడమో, దానిలో ఏ మూలో, ఏ దారి వెంటో, ఎంత దూరమో నాలుగూ ఉన్నాయి. పాత రోడ్డు అన్న మాట తీసేస్తే మళ్లీ తగువే, ఎందుకంటే దారి వంపు తిరిగితే అదే 1,430 మీటర్లు ఇంకో చోట తేలుతుంది. ఒక హద్దు వాక్యం ఎలా ఉండాలో పిల్లలకు చూపించాలంటే నేను ఈ ఒక్కటే చూపిస్తాను.

ఆ బిందువు నుంచి పడమటికి, బాతిన్ దాకా గీత అక్షాంశం వెంట పోతుంది. ఇక్కడ కుర్ర సర్వేయర్లు తప్పు చేస్తారు. కోణాలు కొలిచే థియోడలైట్‌ను సరిగ్గా పడమరకు తిప్పి తిన్నగా పోతే అక్షాంశం మీద ఉన్నట్టేనని అనుకుంటారు. కాదు. చూపు గీత తిన్ననిది, అక్షాంశం వంపు ఉన్నది. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర పది కిలోమీటర్లు పోయేసరికి సుమారు నాలుగున్నర మీటర్లు, ఇరవై పోతే పద్దెనిమిది మీటర్లు దక్షిణానికి తప్పుకుంటారు. దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలు. ఆఫ్‌సెట్, అంటే ఆ తేడా, లెక్కకట్టి స్తంభం ఉత్తరానికి జరపాలి.

బాతిన్ ఇంకా కష్టం. అది నీళ్లు లేని వాగు, కొన్ని కిలోమీటర్ల వెడల్పు. 'బాతిన్ వెంట' అంటే ఏ గట్టు వెంట, ఏ నడుమ వెంట? అడుగున అతి లోతు బిందువుల వరసే హద్దు అని కమిషన్ తీసుకుంది. ఆ వరస పాములా మెలికలు తిరుగుతుంది. ఎడారిలో మెలిక మెలికకూ స్తంభం పాతలేరు. అందుకని సగటున రెండు కిలోమీటర్లు మించని తిన్నని ముక్కలుగా గీశారు. మెలిక గీతకూ తిన్నని గీతకూ మధ్య ఇరాక్ పోగొట్టుకునే నేల, కువైట్ పోగొట్టుకునే నేల సమానంగా ఉండాలని షరతు పెట్టారు. ఒక వంపులో పన్నెండు హెక్టార్లు అటు పోతే, ఇంకో వంపులో పన్నెండు ఇటు రావాలి. వంక గట్టు వంకర తీసి తిన్నగా వేసుకునే రైతులు పెద్దమనుషుల ముందు చేసే సర్దుబాటు ఇదే. ఇక్కడ సెంట్లు, అక్కడ హెక్టార్లు.

ఇక స్థానం కట్టడం. జీపీఎస్ రాకముందు ఎడారిలో నక్షత్రాలే దిక్కు. అక్షాంశంలో ఒక సెకను తప్పితే 31 మీటర్లు. రేఖాంశానికి గడియారం కావాలి. గడియారం ఒక్క సెకను తప్పితే ఆ అక్షాంశం దగ్గర నేల మీద సుమారు 400 మీటర్లు! 1992లో జీపీఎస్ ఉన్నా అమెరికా సైన్యం కావాలని సిగ్నల్ చెడగొట్టేది. 2000 మే దాకా అంతే. ఒక్క రిసీవరుతో నిలబడితే వంద మీటర్ల తేడా రావచ్చు. అందుకే తెలిసిన బిందువు మీద ఒక రిసీవరు, కొత్త బిందువు మీద ఇంకొకటి పెట్టి ఒకే సమయంలో చదివి తేడా తీసుకోవాలి. ఇద్దరికీ వచ్చే తప్పు ఒకటే కాబట్టి అది కొట్టుకుపోతుంది. కమిషన్ తన సొంత డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాల లెక్కకు ఆధారం, కట్టుకుంది, ఇరాక్-కువైట్ బౌండరీ డేటమ్ 1992 అని. పాత మ్యాపు మీది అక్షాంశ రేఖాంశాలను తిన్నగా కొత్త పరికరంలో కొడితే వంద మీటర్ల పైనే పక్కకు పోతారు. ఎవరెస్ట్ లెక్కన గీసిన మన పాత మ్యాపునూ, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 డేటమ్‌నూ కలిపి చూసిన మన సర్వేయర్లకు ఇది అనుభవమే.

స్తంభం పాతేటప్పుడు ముందు మందుపాతరలు ఏరాలి, ఆ తర్వాతే గడ్డపార. కాంక్రీటుకు మంచినీళ్లు ట్యాంకరులో మోసుకెళ్లాలి. దగ్గరుంది కదా అని ఉప్పు బావి నీళ్లు కలిపితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి స్తంభాన్ని చీల్చేస్తుంది. తీరం వైపు ఉప్పునేలల్లో సల్ఫేటు తట్టుకునే సిమెంటు వాడాలి, కమ్మీల మీద కవరు, అంటే కాంక్రీటు పొర, 75 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పోత తెల్లవారుజామునో పొద్దు వాలాకో పోయాలి. మధ్యాహ్నం పోస్తే ఎండకూ వడగాలికీ పైపొర గంటలోనే బీటలు తీస్తుంది. తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. స్తంభం నడిమి గుర్తుకు సూటిగా కింద, నేలలో, ఇంకో గుర్తు పూడ్చిపెట్టాలి. పైది లారీ గుద్దితే పోతుంది, కిందిది ఉంటుంది. గట్టిపడ్డాక మళ్లీ కొలవాలి, రికార్డులో రాయాల్సింది ఆ అంకెనే. పోసేటప్పుడు అచ్చు రెండు మూడు సెంటీమీటర్లు కదలడం మామూలే. చూపు పనులన్నీ పొద్దుటి రెండు మూడు గంటల్లో ముగించుకోవాలి, ఎండెక్కితే దూరపు టార్గెట్ నీళ్లలో తేలుతున్నట్టు ఊగుతుంది.

1992 నవంబరు నాటికి నేల మీద 106 స్తంభాలు, 28 మధ్య గుర్తులు నిలబడ్డాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం సుమారు రెండు కిలోమీటర్లు. 1993 మే 27న 833వ తీర్మానం ఆ గీతను అంతిమమని ప్రకటించింది. 1994 నవంబరు 10న ఇరాక్ ఒప్పుకుంది.

అయ్యా, ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను. గీత పడ్డాక కొందరు ఇరాకీ రైతుల తోటలూ ఆస్తులూ కువైట్ వైపు ఉండిపోయాయి. వాళ్లకు పరిహారం చెల్లించనివ్వడానికి 1994 మార్చిలో 899వ తీర్మానం చేయాల్సి వచ్చింది. స్తంభాల మరమ్మతుకు తర్వాతి ఏళ్లలో ఐరాస బృందాలు మళ్లీ వెళ్లాయి. సర్వే పుస్తకాల్లో స్తంభాల సంఖ్య ఉంటుంది, ఆ తోటల్లో నీళ్లు తోడుకున్నవాళ్ల సంగతి ఉండదు. అందుకే చెబుతున్నాను.

అబ్దలీలోనో సాల్మీ వైపో తోటల్లో, గొర్రెల మందల దగ్గర పనిచేస్తున్న తమ్ముడో బావమరిదో మీలో ఎవరికైనా ఉంటే ఈ రాత్రి ఫోనులో రెండు మాటలు చెప్పండి. సరిహద్దు స్తంభం ఒరిగి కనిపించినా, దాని మొదట్లో ఇసుక కొట్టుకుపోయి గుంత పడినా, చెయ్యి వేసి నిలబెట్టవద్దు. యజమానికి చెప్పి పోలీసుకు కబురు చేయించాలి. చుట్టుపక్కల ఇసుకలోంచి తుప్పుపట్టిన ఇనుప ముక్క ఏది బయటపడ్డా ముట్టుకోకుండా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాలి. 1991లో పాతిన మందుపాతర గాలికి పైకి తేలినా పేలుడు గుణం పోదు.