ఎవరు పోయారో చెప్పకండి

శ్రోతలకు నమస్కారం.

ఒక పెద్ద ఫాంటసీ గాథ నాలుగైదు సంపుటాలు చదివేసి, తర్వాతి భాగం కోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా చూసేవాళ్లకు ఒకటే భయం. పుస్తకం చేతికి రాకముందే ఎవరో "వాడు చచ్చిపోతాడటగా" అనేస్తే? రెండే రెండు మాటలు. అన్నేళ్ల ఎదురుచూపూ అక్కడితో సరి. దీన్నే స్పాయిలర్ అంటున్నాం. అది ఏ దారిన వస్తుందో, ఏ దారి ఎలా మూసుకోవాలో ఈ పూట చూద్దాం.

విడుదల రోజు నుంచి జాగ్రత్తపడితే చాలనుకుంటారు చాలామంది. అప్పటికే ఆలస్యం. హ్యారీ పాటర్ ఆరో పుస్తకం 2005 జులై 16న రావాల్సింది. కెనడాలో ఒక దుకాణం పొరపాటున వారం ముందే 14 ప్రతులు అమ్మేసింది. ప్రచురణకర్తలు కోర్టుకెళ్లి, కొన్నవాళ్లు ఆ కథ ఎక్కడా బయటపెట్టకూడదని ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఏడో పుస్తకం 2007 జులై 21న వచ్చింది. ఆ తేదీకి కొన్ని రోజుల ముందే పేజీల ఫొటోలు ఇంటర్నెట్‌లో తిరిగాయి. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాస్తున్న 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' గాథలో నాలుగో భాగం 2005లో వస్తే, ఐదోది 2011 జులై 12న వచ్చింది. జర్మనీలో దాని ప్రతులు సుమారు 180 గడువుకు ముందే పాఠకుల ఇళ్లకు చేరాయి.

ఇందులో కుట్రేమీ లేదు. లక్షల ప్రతులు ఒకే రోజు అన్నిచోట్లా అమ్మాలంటే, అవి ముందుగానే గోదాములకు చేరి ఉండాలి. అన్ని గోదాముల్లో ఎక్కడో ఒకచోట ఒకరు పెట్టె మీద తేదీ చూసుకోరు. అందుకని కంచె విడుదలకు రెండు వారాల ముందే వేసుకోవాలి. పుస్తకం పూర్తయ్యాకే తీయాలి.

కంచె అంటే మొదట మ్యూట్, అంటే ఫలానా మాటలున్న పోస్టులు మన కంటపడకుండా చేసుకోవడం. ఎక్స్‌లో (ఒకప్పటి ట్విట్టర్) అయితే సెట్టింగుల్లో ప్రైవసీ విభాగంలోకి వెళ్లి, మ్యూటెడ్ వర్డ్స్‌లో మాటలు ఒక్కొక్కటే చేర్చాలి. గడువు 24 గంటలా, 7 రోజులా, 30 రోజులా, శాశ్వతమా అని అడుగుతుంది. 30 చాలనిపిస్తుంది. లెక్క వేయండి. ముందు 14 రోజులు పోయాయి. వెయ్యి పేజీల పుస్తకం రోజుకు 60 పేజీల చొప్పున చదివితే 17 రోజులు. మొత్తం 31. సరిగ్గా చివరి అధ్యాయాల్లో ఉండగా కంచె కూలుతుంది! శాశ్వతం అని పెట్టుకుని, చదవడం అయ్యాక మీరే తీసేయడం మేలు. ఇంకో సంగతి, ఈ మ్యూట్ టైమ్‌లైన్‌కీ నోటిఫికేషన్లకే. మీరే వెళ్లి వెతికితే అన్నీ కనిపిస్తాయి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక అదనపు చిక్కు ఉంది. ఈ వడపోతలు సాధారణంగా మాటను మాటగా పోల్చి చూస్తాయి. పాత్ర పేరు వీరసేన్ అనుకుందాం. మీరు వీరసేన్ అని మ్యూట్ చేస్తారు. "వీరసేన్‌ని చంపింది ఎవరంటే" అన్న పోస్టు దర్జాగా లోపలికి వస్తుంది. మన విభక్తులు మాటకు అతుక్కుని ఉంటాయి మరి. వీరసేన్‌ని, వీరసేన్‌కి, వీరసేన్‌తో, వీరసేనే, ఇవన్నీ విడివిడిగా చేర్చాలి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు ఇంకో తలనొప్పి. ఒకరు రెండు ఈలు వేస్తారు, ఒకరు ఒక్క ఐతో కానిచ్చేస్తారు. ముఖ్యమైన ఐదారు పాత్రలకు ఇలా రాసుకుంటూ పోతే జాబితా నలభై మాటలు దాటుతుంది. ఓ అరగంట పని, విసుగే, కానీ చేయాల్సిందే. పుస్తకం పేరు, దాని పొట్టి పేరు, రచయిత పేరు ఎలాగూ ఉండాలి.

ఇంత చేసినా బొమ్మ మీద రాసిన మాటను మ్యూట్ పట్టుకోలేదు. మీమ్‌లు వచ్చే దారి అదే. యూట్యూబ్‌లో అసలు ప్రమాదం వీడియోలో లేదు, దాని ముందు కనిపించే చిన్న బొమ్మ, అంటే థంబ్‌నెయిల్‌లో ఉంది. ఒక పాత్ర ముఖం, దాని మీద ఎర్ర గీత. వీడియో నొక్కకపోయినా కథ తెలిసిపోయింది. వాచ్ హిస్టరీ, సెర్చ్ హిస్టరీ రెండూ ఆపేస్తే సిఫార్సులు బాగా తగ్గుతాయి. ఆపకముందు ఆ గాథ గురించి చూసిన పాత వీడియోలను హిస్టరీలోంచి తుడిచేయాలి. అది మరిచిపోతే ఆపినా పెద్దగా ఫలితం ఉండదు.

వెతుకులాట పెట్టె మరీ ద్రోహి. పాత్ర పేరు స్పెల్లింగ్ చూసుకుందామని సగం టైపు చేస్తారు, మిగతా సగం అదే పూర్తి చేస్తుంది: ఫలానా పాత్ర మరణం, ఫలానా పాత్రను చంపిందెవరు. వికీ పేజీలూ అంతే. వికీపీడియాలో కథాసారానికి ముందు హెచ్చరిక పెట్టే ఆనవాయితీ లేదు. అభిమానుల వికీల్లో పక్కనుండే పెట్టెలో 'స్థితి: మృతుడు' అన్న ఒక్క గడి చాలు. పాత భాగాల సంగతులు గుర్తుచేసుకోవాలంటే మీ దగ్గరున్న పుస్తకాలే తిరగేయండి.

పుస్తకం కూడా మీకు పూర్తిగా మిత్రుడు కాదు. అధ్యాయాలకు పాత్రల పేర్లు పెట్టే రచయితలుంటారు. విషయసూచిక చూస్తే ఎవరు చివరిదాకా బతికి ఉన్నారో సగం తెలిసిపోతుంది. వెనక అనుబంధంలో వంశాల జాబితా ఉంటే అటు పోకండి. ఈ-పుస్తకాలు చదివే కిండిల్‌లో ఎక్స్‌రే అని ఒక సదుపాయం ఉంది. పాత్ర పేరు పుస్తకంలో ఎక్కడెక్కడ వస్తుందో చూపిస్తుంది. ఆ పేరు మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోయిందంటే ఇక చెప్పేదేముంది! పాపులర్ హైలైట్స్ కూడా ఆపేయండి. ఎక్కువమంది గీత గీసిన వాక్యం సాధారణంగా చప్పటి వాక్యం కాదు.

వాట్సాప్ గ్రూపులను మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెట్టడం, ఫొటోలు వాటంతటవే దిగకుండా ఆటో డౌన్‌లోడ్ ఆపడం ఐదు నిమిషాల పని.

ఇక పునఃపఠనం. నాలుగు వేల పేజీల గాథను రోజుకు 40 పేజీల లెక్కన చదివితే వంద రోజులు. విడుదలకు వారం ముందు ముగిసేలా వెనక నుంచి లెక్క కట్టుకోవాలి. మరీ ముందుగా ముగిస్తే మళ్లీ మరుపు. అంత తీరిక లేకపోతే చివరి సంపుటం మాత్రం మొత్తం చదివి, ముందువాటిలో మీకు ఇష్టమైన పాత్రల అధ్యాయాలే చూసుకోండి. చదువుతూ ఒక కాగితం మీద ఎవరికి ఏ రహస్యం తెలుసో రాసుకుంటే, కొత్త భాగంలో సగం తికమక తప్పుతుంది.

అసలు స్పాయిలర్‌తో అంత నష్టం ఉందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగోలో ఇద్దరు పరిశోధకులు 12 చిన్న కథలతో ప్రయోగం చేశారు. ముగింపు ముందే తెలిసినవాళ్లే కథను ఎక్కువ ఇష్టపడ్డారని తేలింది. కానీ అవి చిన్న కథలు. పావుగంటలో చదివేదానికీ, పదేళ్లు ఊహించుకుంటూ గడిపినదానికీ పోలికేమిటి? నిజానికి 'ఏం జరిగింది' తెలియడం కంటే 'ఎందుకు జరిగింది' తెలియడం ఎక్కువ నష్టం. బాహుబలి మొదటి భాగం 2015 జులై 10న వస్తే రెండోది 2017 ఏప్రిల్ 28న వచ్చింది. కట్టప్ప చంపాడని అందరికీ తెలుసు. ఎందుకు చంపాడన్నదే అన్నాళ్లూ జనాన్ని నిలబెట్టింది.

మార్టిన్ పాఠకులకైతే కథ అడ్డం తిరిగింది. ఆ గాథ ఆధారంగా తీసిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సీరియల్ మొదలైన తొలి ఏళ్లలో పుస్తకం చదివినవాళ్లు నోరు మూసుకుని, చూసేవాళ్లను కాపాడారు. 2016లో ఆరో సీజన్‌కు వచ్చేసరికి సీరియల్ పుస్తకాలను దాటి ముందుకెళ్లిపోయింది. అప్పుడు చెవులు మూసుకోవాల్సింది పుస్తకాలవాళ్లు.

మీరు ముందే చదివేశారనుకోండి. మాట్లాడే ముందు ఎదుటివాళ్లను ఒకటే అడగండి, "ఎన్నో అధ్యాయంలో ఉన్నావు?" అని. ముప్పయ్యోది అన్నారనుకోండి. "ఓహో, ముప్పయ్యా! సరే, ముప్పై ఒకటి అయ్యాక ఫోన్ చెయ్యి" అన్నారో, మీరు చెప్పేసినట్టే. "సరే" అని ఊరుకోండి.