హికరీ కాయ పాతి నాలుగేళ్ళు, చెట్టు ఎంత అయిందో చూద్దాం రండి

హాయ్ అండి, నమస్తే. ఇవాళ ఎక్కడికీ వెళ్ళలేదు, న్యూజెర్సీలో మా పెరట్లోనే ఉన్నాం, గాలి శబ్దం వస్తే ఏమనుకోవద్దు, అక్టోబర్ కదా. కిందటి వీడియోలో నా వెనకాల ఇనప జాలీ కట్టిన బుల్లి మొక్క ఉంటే చాలామంది మామిడా అని అడిగారు. మామిడి ఈ చలికి బతుకుతుందా అండి బాబూ! అది హికరీ. షాగ్‌బార్క్ హికరీ, ఈ నేల చెట్టు. షాపుల్లో పీకాన్ పప్పులు కొంటామే, అది కూడా హికరీ జాతే, అక్రోటు వీటికి చుట్టం.

అసలు నాకీ పిచ్చి ఎలా పట్టిందంటే, మేం వాకింగ్‌కి వెళ్ళే పార్కులో ఒక పెద్ద చెట్టు ఉంది. బెరడు పొడుగు పట్టీలుగా లేచిపోయి, వర్షాకాలం పాత గోడకి సున్నం పెచ్చులు ఊడినట్టు ఉంటుంది. నేను మొదట చెట్టుకి తెగులేమో అనుకున్నా. కాదట, వయసొస్తే దాని తీరే అంత. ఆ పెచ్చుల కింద ఇండియానా బ్యాట్ అని అంతరించిపోతున్న గబ్బిలాలు ఉంటాయి, వేసవిలో అక్కడే పిల్లల్ని పెంచుకుంటాయి.

సరే, మొక్క సంగతి. మొదటిసారి ఒక నర్సరీలో కుండీ మొక్క కొన్నా, మోకాలెత్తు, ఆకులు నిగనిగలాడుతున్నాయి, తెచ్చి పెట్టా, రెండో వేసవికి ఎండిపోయింది. పీకి చూస్తే తల్లివేరు కుండీ అడుగున గుండ్రంగా చుట్టుకుపోయి ఉంది, జంతికలా! అప్పుడు అర్థమైంది నాకు. ఈ చెట్టు ముందు కిందకి పెరుగుతుంది, తర్వాతే పైకి. మొదటి మూడేళ్ళలో వేరు రెండు మూడు అడుగులు దిగిపోతుంది, పైన చూస్తే జానెడు. మన గోదావరి వైపు వాళ్ళకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు, తాటి టెంకలు పాతరేస్తే పైన ఆకు కనపడకముందే కింద తేగ దిగుతుంది చూశారా, అలాగన్నమాట. మా అమ్మమ్మ తేగలు తవ్వుతుంటే పక్కన కూర్చుని చూసినవాణ్ణి, నాకు ఆ కుండీ దగ్గరే తట్టాలి అసలు.

అందుకని రెండోసారి కాయే పాతా. పార్కులో వద్దు, అక్కడ రూల్స్ ఉంటాయి, మా వీధి చివర ఒకాయన ఇంట్లో చెట్టుంటే అడిగి తెచ్చుకున్నా. ఇదిగో చూడండి, పైన పచ్చటి మందపాటి తొక్క, పండితే నాలుగు చీలికలుగా విడిపోతుంది, లోపల తెల్లటి గింజ. బకెట్ నీళ్ళల్లో వేయండి, తేలినవి పారేయండి, పురుగు తినేసి డొల్లగా ఉంటాయి చాలావరకు. మునిగినవాటిని ఇప్పుడే, చలికాలం రాకముందే, రెండంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టి పాతేయండి. ఈ గింజకి మూడు నాలుగు నెలల చలి తగిలితేగానీ మొలవదు, ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, నాకెందుకు, బయట స్నో ఉండగా.

జాలీ మాత్రం మర్చిపోవద్దు. నేను ఆ ఏడాది ఎనిమిది కాయలు పాతి గర్వంగా లోపలికెళ్ళి కాఫీ కలుపుకుని కిటికీలోంచి చూస్తే ఉడత తవ్వేస్తోంది, నేను పాతిన వరసలోనే, ఒకటి తర్వాత ఒకటి! ఎనిమిదిలో రెండు మిగిలాయి, ఒకటి మొలిచింది. జాలీ అంచులు కూడా మట్టిలోకి దింపాలి. మొలిచాక జింకలు, వాటికి ఇంకో ఫెన్స్.

ఇంటికి, డ్రైవ్‌వేకి దూరంగా పెట్టండి, ఇది డెబ్భై ఎనభై అడుగులు వెళ్ళే చెట్టు, కాయలు కారు మీద పడితే సొట్టే. మరి కాపెప్పుడు అంటారా? గింజ మొక్కకి దాదాపు 40 ఏళ్ళు. నవ్వకండి. మా ఆవిడ అడిగింది, అప్పటికి నీ పళ్ళుంటాయా అని.

ఆ వీధి చివరాయన ఇచ్చిన కాయలు కొన్ని తిన్నాంలెండి. సుత్తితో కొట్టి, పప్పు పిన్నీసుతో తవ్వుకోవాలి, అరగంటకి గుప్పెడు వస్తే గొప్ప. రుచి మాత్రం పీకాన్ కంటే బాగుంటుంది, నా మాటగా రాసుకోండి. వర్జీనియాలో పౌహాటన్ అనే అక్కడి ఆదివాసులు తవ్వుకునే గొడవ లేకుండా పెంకుతో సహా దంచి నీళ్ళల్లో కలిపి పాలు తీసేవాళ్ళు, మనం కొబ్బరి పాలు తీసినట్టే. ఆ పాల పేరు నుంచే హికరీ అన్న మాట వచ్చింది. ఈసారి నేనూ మిక్సీలో కాకుండా రోట్లో ట్రై చేస్తా, వస్తే వీడియో పెడతా.

ఇక ఇదిగో మన హీరో. నాలుగేళ్ళు. టేప్ పెడుతున్నా చూడండి... పదిహేడు అంగుళాలు. ఒక్కో కాడకి అయిదేసి ఆకులు, పచ్చగా పసుపు ముద్దలా అయిపోయాయి ఈ వారం. ఈ మొగ్గ చూడండి, వేలి కొసంత, చలికాలమంతా ఇలాగే ముడుచుకుని ఉండి ఏప్రిల్, మేలో విచ్చుకుంటుంది, పై రేకులు వెనక్కి వాలి అచ్చం పువ్వులా ఉంటుంది, అప్పుడు మళ్ళీ తీస్తా. అయ్యో అదిగో, వచ్చింది ఉడత, ఆ బకెట్ పక్కనే, ఒక్క నిమిషం ఉండండి...