రికార్డు చేసి నెట్‌లో పెట్టేస్తే భాష బతుకుతుందా?

చిన్న భాషల గురించి ఎప్పుడు మాట్లాడినా ఒకటే సలహా: "నాలుగు ఊళ్లు తిరిగి పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి నెట్‌లో పెట్టేయండి, భాష బతికిపోతుంది." ఆ ఊళ్లవాళ్లను అడిగారా అంటే సమాధానం ఉండదు. నాకు అక్కడే ఒళ్లు మండుతుంది.

న్యూజిలాండ్ ఉత్తరం కొసన కైటాయా అనే పట్టణంలో టె హికు మీడియా ఉంది. అక్కడి ఆదివాసులైన మావోరీ తెగల సొంత రేడియో. పెద్దల మాటల రికార్డింగులు వాళ్ల దగ్గర గుట్టలుగా ఉన్నాయి. అవన్నీ విని రాయడం అయ్యే పని కాదు కాబట్టి, మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ తామే తయారు చేసుకుందామనుకున్నారు. దానికి నేర్పడానికి 2018లో పోటీ పెట్టి, మావోరీ వాక్యాలు చదివి పంపమని పిలిస్తే, 10 రోజుల్లో 300 గంటలకు పైగా రికార్డింగులు వచ్చాయి. బయటివాడు మైకు పట్టుకుని వెళితే ఏడాదికి కూడా అన్ని రావు, రాసిస్తాను.

ఆ రికార్డింగులకు డబ్బిస్తామని బయటి కంపెనీ వచ్చింది. వీళ్లు ఇవ్వలేదు. ఎందుకో చెప్తా. ఊరి చెరువు అనుకోండి. నీళ్లు ఊరందరివీ. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత వదలాలో నీరటి చూస్తాడు. నీళ్లు ఆయన సొంతం కాదు, ఊరి తరఫున కాపలా. టె హికు పెట్టుకున్న లైసెన్సు, అంటే రికార్డింగులు ఎవరు దేనికి వాడుకోవచ్చో చెప్పే షరతులు, అచ్చంగా నీరటి పనే: మావోరీలకు మేలు జరిగే పనికి తూము ఎత్తుతారు. అంతా అందరికీ ఓపెన్ అంటే కట్టకు గండి కొట్టినట్టే. పారిన నీళ్లు చివరికి పెద్ద మోటారు ఉన్నవాడికే అందుతాయి. (కోడ్ అందరికీ ఓపెన్‌గా ఉండాలనే ఓపెన్ సోర్స్ మిత్రులు కోప్పడకండి. కోడ్ వేరు, తాత గొంతు వేరు.)

పైగా వీళ్ల తాతలు బడిలో మావోరీ మాట్లాడినందుకు దెబ్బలు తిన్నవాళ్లు. అదే భాషను యాప్‌గా చేసి మనవళ్లకే అమ్ముతామంటే మండదా?

టైమ్ అయిపోతోంది, గబగబా మన దగ్గరికి వద్దాం. గోండికి లిపి లేదని ఇంకా కామెంట్లు వస్తున్నాయి. ఆదిలాబాద్ వైపు గుంజాలలో గోండులు దాచుకున్న రాతప్రతులు ఉన్నాయి, ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకీ, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తుపట్టే అక్షరాల పట్టికలోకీ ఎక్కింది. గోండి, కొలామి, కోయ రికార్డు చేయబోయేవాళ్లు ముందే తేల్చుకోండి: ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయి, తీసేయమంటే తీసేస్తారా, డబ్బొస్తే ఎవరికి. ఊరి కుర్రాళ్లకే ఎడిటింగ్ నేర్పి జీతమివ్వండి. వద్దన్నారా, మైకు సర్దుకుని వచ్చేయడమే. గుంజాల లిపి మీద విడిగా వీడియో చేస్తాను.