ముందు తెడ్డు, తర్వాతే కెమెరా

అందరికీ నమస్కారం. బరంపురం వాళ్లతో పాటు ఇచ్ఛాపురం, పర్లాకిమిడి నుంచి కూడా ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. వచ్చే వారం మనం ఛత్రపురం పక్కనున్న తంపర సరస్సులో కయాక్‌ల (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవల) మీద, ఆ తర్వాత చిలికా ఉత్తరపు అంచున మంగళాజోడి చిత్తడిలో అక్కడివాళ్ల నాటు పడవల మీద పక్షుల ఫొటోలు తీయబోతున్నాం. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే, ఏ లెన్స్ తెచ్చుకోవాలని. దానికి జవాబు చిన్నది. 100-400 ఎంఎం జూమ్ గానీ 150-600 ఎంఎం గానీ ఏది ఉంటే అది తెచ్చుకోండి, లేనివాళ్లు కొనకండి. ఈ వారం రోజుల్లో మీరు సాధన చేయాల్సింది వేరే ఉంది. పక్షిని లేపకుండా నీళ్ల మీద ఎంతసేపు కూర్చోగలరన్నదే మన పని మొత్తానికి కీలకం.

అసలు కయాక్ ఎందుకంటే, ఎత్తు కోసం. గట్టు మీద నిలబడి తీసిన ఫొటోలో పక్షి వీపు, దాని చుట్టూ బురద నీళ్లు కనబడతాయి. కయాక్‌లో కూర్చుంటే మన కన్ను నీటికి రెండున్నర, మూడు అడుగుల ఎత్తులోనే ఉంటుంది. జమ్ము మొదట్లో నిలబడ్డ నారాయణ పక్షి కన్ను కూడా దాదాపు అంత ఎత్తులోనే ఉంటుంది. ఇద్దరూ ఎదురెదురుగా చూసుకున్నట్టు వస్తుంది ఫొటో. వెనకనున్న రెల్లు దూరంగా జరిగిపోయి మెత్తటి రంగుగా మిగులుతుంది. ఈ ఒక్క లాభం కోసమే మిగతా కష్టమంతా పడుతున్నాం.

ఇప్పుడు కూర్చోవడం సంగతి. కొత్తవాళ్లు చేసే పని ఏమిటంటే, పడవ కాస్త ఊగగానే టెన్షన్‌తో ఒళ్లంతా బిగబట్టడం. ఒళ్లు బిగిస్తే పడవ ఊపు మీ తలదాకా వస్తుంది, తల బయటికి వాలుతుంది, పడవ దాంతో పాటు ఒరుగుతుంది. నడుము కింద వదులుగా, నడుము పైన నిటారుగా ఉండాలి. పడవ ఊగితే తుంటి ఊగాలి గానీ తల బొడ్డుకు సూటిగా పైనే ఉండాలి. ఈ వారం ఇంట్లో నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, చేతిలో కెమెరాతో నడుం తిప్పి చూడండి. ఒకటి వెంటనే అర్థమవుతుంది. ఎడమ చేత్తో లెన్స్ కింద పట్టుకుని, కుడి చేత్తో బటన్ నొక్కేటప్పుడు మన నడుం ఎడమవైపుకు సులువుగా తిరుగుతుంది. కుడివైపుకు తిరగబోతే ఎడమ మోచేయి ఛాతీకి అడ్డం పడుతుంది, ఒళ్లు మెలిపడుతుంది, పడవ ఒరుగుతుంది. కాబట్టి పక్షి కనబడగానే కెమెరా ఎత్తకండి. ముందు పడవ ముక్కును కాస్త కుడికి తిప్పి, పక్షి మీ ఎడమ ముందు మూలకు వచ్చేలా చేసుకోండి. ఆ తర్వాత తెడ్డు ఒడిలో అడ్డంగా పెట్టి, అప్పుడు కెమెరా.

ఆ తెడ్డు పెట్టడంలోనే సగం పక్షులు లేచిపోతాయి. ప్లాస్టిక్ పడవ అంచుకు తెడ్డు కర్ర తగిలితే ఠక్కుమంటుంది, నీళ్ల మీద ఆ చప్పుడు చాలా దూరం పోతుంది. కర్రకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. తెడ్డును ఎత్తి ఎత్తి వేయకుండా పడవ పక్కనే తక్కువ ఎత్తులో వేస్తే నీళ్లు చిమ్మవు, ఎండలో తెడ్డు తళుక్కుమనదు. ఇద్దరు కూర్చునే కయాక్‌లైతే ముందున్నవాళ్లు కెమెరా, వెనకున్నవాళ్లు తెడ్డు. గంటకోసారి పడవను గట్టుకు చేర్చి, దిగి, చోట్లు మార్చుకుందాం. నీళ్ల మధ్యలో లేచి మారడం వద్దు.

గాలి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నీటి పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా మొహం పెట్టి నిలబడతాయి, లేచేటప్పుడు కూడా గాలికి ఎదురుగానే లేస్తాయి. అంటే గాలి మీ వీపుకు కొడుతుంటే పక్షి మొహం మీవైపే ఉంటుంది. ఫొటోకు అంతకంటే ఏం కావాలి? కానీ అదే గాలి మీరు తెడ్డు వేయకపోయినా పడవను పక్షి మీదికి నెట్టేస్తుంది. అందుకే ప్రతి కయాక్‌లో ఒక సన్నటి వెదురు గడ ఉంటుంది. దూరంగానే ఆగి, గడను మెల్లగా బురదలో దింపి, పడవను దానికి కట్టేసుకోండి. తంపర సముద్రానికి దగ్గర. పొద్దెక్కే కొద్దీ గాలి పుంజుకుంటుంది. ఆరుంపావు తర్వాత సూర్యుడు వస్తాడు, అప్పటికే మనం నీళ్లలో ఉండాలి. తొమ్మిదిన్నరకల్లా గట్టుకు చేరిపోవాలి.

సెట్టింగులు క్లుప్తంగా. నిలబడ్డ పక్షికైనా షట్టర్ వేగం 1/1000 సెకను కంటే తగ్గించకండి, పడవ ఊగుతూనే ఉంటుంది కదా. ఎగిరే పక్షికి 1/2000, ఆ పైన. ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు కెమెరా సున్నితత్వం, ఆటోలో వదిలేయండి. ముదురు రంగు నీళ్ల మీద తెల్లకొంగ ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ ఒకటి దాకా దించండి, లేకపోతే రెక్కల్లో ఈకల గీతలన్నీ తెల్లగా కాలిపోతాయి. హోటల్లో ఏసీ గది నుంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే లెన్స్ మీద చెమట పడుతుంది. బయల్దేరడానికి అరగంట ముందే సంచిలో ఉంచి వరండాలో పెట్టండి. డ్రై బ్యాగ్ మూతి మూడు మడతలు వేశాకే బకిల్ పెట్టాలి. కెమెరా పట్టీ మెడకు వేసుకుని పడవ ఎక్కవద్దు. బోల్తా పడితే అది లైఫ్ జాకెట్‌కు చిక్కుకుంటుంది. ఒక్క నొక్కుతో ఊడిపోయే క్లిప్‌తో జాకెట్‌కు తగిలించుకోండి. కెమెరా నీళ్లలో పడితే ఆన్ చేసి చూడకండి, ముందు బ్యాటరీ తీసేయండి. బియ్యం డబ్బాలో పెట్టినందువల్ల మేలేమీ లేదు. చిలికా నీళ్లలో ఉప్పుంటుంది, కాబట్టి రాత్రి మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో కెమెరా ఒళ్లంతా తుడవాలి.

ఇక మంగళాజోడి. అక్కడ మనం తెడ్డు ముట్టుకోం. గడతో పడవ నడిపేది ఆ ఊరివాళ్లే. చిలికా 1981లో, రాజస్థాన్‌లోని కేవలాదేవ్‌తో పాటు, మన దేశంలో మొట్టమొదట రామ్‌సర్ జాబితాకు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాకు, ఎక్కిన సరస్సు. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఊళ్లో పక్షుల్ని పట్టి అమ్మడం ఒక బతుకుతెరువుగా సాగింది. 2000లో ఊరివాళ్లే శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి పెట్టుకుని వేట మానేశారు. అప్పటి వేటగాళ్లలో కొందరు ఇప్పుడు గైడ్లు. పక్షి ఏ క్షణంలో లేస్తుందో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. పడవవాడు "ధీరే" (మెల్లగా) అన్నాడంటే కెమెరా దించి పక్షిని చూడండి. ఈకలు దువ్వుకోవడం ఆపేసిందా? మెడ పొడుగ్గా సాచిందా? మేత మానేసి పక్కకు నడుస్తోందా? వీటిలో ఏ ఒక్కటి కనబడినా మనం ఎక్కువ దగ్గరికి వచ్చేశామని అర్థం. అక్కడే ఆగాలి, వీలైతే వెనక్కి పోవాలి.

"ఇంకో వంద ఇస్తాను, కాస్త ఆ గుంపును లేపు" అని పడవవాళ్లను అడిగేవాళ్లను చూస్తుంటాం. మన బృందంలో ఎవరూ ఆ మాట అనకూడదు. చిలికాలో ఏటా జనవరిలో జరిగే లెక్కలో ఈ మధ్య పక్షులు పది లక్షలు దాటుతున్నాయి. వాటిలో చాలా భాగం సైబీరియా, మంగోలియా వైపుల నుంచి వచ్చినవే. నల్లతోక గాడ్విట్‌నే తీసుకోండి. పొడుగాటి ముక్కును బురదలో కళ్లదాకా దింపి, పురుగును తడిమి పట్టుకుని తింటుంది. చలికాలమంతా అలా తిని ఒంట్లో కొవ్వు పెంచుకుంటేనే తిరిగి వెళ్లగలదు. మనం లేపిన ప్రతిసారీ ఆ కొవ్వు కరుగుతుంది, పైగా మేసే సమయం పోతుంది. గుంపు తనంతట తానే లేచే క్షణాలు పొద్దున పూట ఎన్నో వస్తాయి, ఆకాశంలో గద్ద కనబడితే చాలు. దానికోసం కాచుకుని కూర్చుందాం.

చిలికాలోని నలబణ దీవి అభయారణ్యం, అక్కడ కాలు పెట్టేది లేదు. ఉప్పునీటి మొసళ్లుండే భితర్‌కనికా మడ అడవుల్లో కయాక్ వేద్దామా అని ఒకరు అడిగారు. అస్సలు వద్దు. మన దారిలో వలలు, వాటి గుంజలు తగులుతాయి. ఎవరి వలనూ తెడ్డుతో ఎత్తకండి, చుట్టూ తిరిగి వెళ్దాం. గంజాం తీరం పొడవునా ఉన్న నోలియాలు మన తెలుగు మాట్లాడే మత్స్యకారులే. తెల్లవారగానే వాళ్లలో ఎవరైనా కనబడితే "బాబూ, గాలి ఎప్పుడు మళ్లుతుంది?" అని అడగండి. ఫోన్‌లోని యాప్ కంటే వాళ్ల మాట మీద నాకు గురి ఎక్కువ.

బట్టల విషయం. జీన్స్ వద్దు, తడిస్తే రాయిలా బరువెక్కుతుంది. త్వరగా ఆరే ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, ముదురాకుపచ్చో మట్టిరంగో. తెలుపు, ఎరుపు వద్దు. కాలికి బెల్టున్న చెప్పులు. బురదలో దిగాల్సి వస్తే పడవ అంచు వదలకుండా దిగండి, గుర్రపుడెక్క పరుచుకున్న చోట అడుగు ఎంత లోతో పైకి తెలియదు.

మొదటి రోజు కెమెరాలన్నీ గట్టు మీదే. ఒక్కొక్కరినీ నడుములోతు నీళ్లలో కయాక్‌తో సహా బోల్తా వేయించి, తిరిగి ఎక్కిస్తాం. ఈత రానివాళ్లకు ఇది మరీ ముఖ్యం, సిగ్గుపడి దాచకండి. లైఫ్ జాకెట్లు వెనక మూల బల్ల మీద ఉన్నాయి. మీ ఒంటికి సరిపడేది తొడుక్కుని, అన్ని బకిళ్లూ బిగించి ఒక్కొక్కరుగా నా దగ్గరికి రండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తాను. అది చెవులదాకా లేచి వచ్చిందంటే మీ సైజు కాదు, ఇంకొకటి వేసుకోవాలి.