‘ఆ రోజులే వేరు’ అన్నాక ఏం చెప్పాలి?

పెద్దలందరికీ నమస్కారం. పండక్కి ఊరొచ్చిన మనవలూ మనవరాళ్లూ వెనక బెంచీల మీద ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్లనేమీ అనకండి. ఈ సాయంత్రం మాటలు వాళ్లకి కాదు, చిన్నప్పటి కబుర్లు చెప్పే మీకు, అవి మిమ్మల్ని అడిగి దాచుకునేవాళ్లకి.

చిన్నప్పటి ఊరి గురించి చెప్పమంటే మన గోదారి డెల్టాలో చాలామంది ‘ఆ రోజులే వేరండి’ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మహా అయితే ‘అప్పట్లో ప్రేమలుండేవి, ఇప్పుడెక్కడున్నాయి’ అని ఇంకో ముక్క కలుపుతారు. అందులో పిల్లాడు పట్టుకోడానికేముంది? ప్రేమ వాడికి కనపడదు. తాటికాయ బండి కనపడుతుంది. అందుకని, దాన్ని ఎలా చేసేవారో చెప్పండి. అంతకంటే ముఖ్యంగా, అది ఎలా పాడయ్యేదో చెప్పండి.

వేసవిలో ముంజలు జుర్రేశాక మిగిలిన కాయలు రెండు కావాలి. పైన చెక్కి, బొటనవేలు పెట్టి జుర్రిన కాయే పనికొస్తుంది. ముంజలు విడిగా తియ్యడానికి నిలువునా నరికేసిన కాయ చక్రానికి పనికిరాదు. ఇరుసుకి జానెడు వెదురు పుల్ల, రెండు కొసలూ కాస్త చెక్కింది. చెక్కిన ముఖం బయటికి ఉండేలా పెట్టి, వెనకవైపు నుంచి నడిమధ్యన గుచ్చాలి. తోలడానికి పిల్లాడి గుండెలెత్తు పంగల కర్ర. పంగని ఇరుసు మీద ఆనించి నెట్టడమే.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. అసలు సంగతి ఇక్కణ్ణుంచి. ఒక కాయ పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే బండి చిన్న కాయ వైపుకే తిరిగిపోతుంది, ఎంత సర్దినా కాలవలోకే పోతుంది. అందుకే ఒకే గెలలోంచి జత ఏరుకునేవారు. బెజ్జం మధ్యకి పడకపోతే అడుగడుక్కీ ఎగిరిపడుతుంది. పంగ మరీ వెడల్పైతే కాయలకి రాసుకుని బిగుసుకుపోతుంది. రెండ్రోజులు ఎండలో తిరిగాక కాయ వడిలి, బెజ్జం వదులై చక్రం ఊడిపోతుంది. అప్పుడు బెజ్జంలో ఇంత కొబ్బరి పీచు కూరాలి, లేదంటే కొత్త కాయ కోసం తాటిచెట్టెక్కే వాళ్ల వెంట పడాలి. ఈ నాలుగు లోపాలూ చెప్పగలిగినవాడు బండి నిజంగా తోలినవాడు. ‘తాటికాయల బండితో ఆడుకునేవాళ్లం’ అని ఊరుకునేవాడు ఎక్కడో ఫొటో చూసి ఉంటాడు!

తేగల సంగతీ అంతే. ‘కుండలో కాల్చిన తేగల రుచే వేరు’ అనకండి, పాతర దగ్గర మొదలెట్టండి. శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్లు రాలతాయి. గుజ్జు తీసుకున్నాక, ఒక్కో పండులో మూడు దాకా టెంకలుంటాయి. ఇసక పాలు ఎక్కువున్న గుల్లనేలని ఎత్తుగా పోసి, దాని మీద టెంకల్ని దగ్గర దగ్గరగా పరిచి, పైన పల్చగా మట్టి కప్పుతారు. ఎత్తెందుకంటే, మొలక ముందు పైకి రాదు, కిందకి దిగుతుంది. ఆ దిగినదే తేగ. కింద బంకమట్టి ఉంటే తేగ వంకర తిరుగుతుంది, తవ్వేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. గోదారి పాయల మధ్యనుండే లంక ఊళ్ల ఇసక నేలల్లో తేగ తిన్నగా, బారుగా దిగడానికి కారణం ఇదే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తవ్వుతారు. ఆలస్యమైతే ఆకు బయటికొచ్చి తేగ పీచెక్కిపోతుంది. తొందరపడి తవ్వితే వేలెడే ఉంటుంది. తవ్విన టెంకని పారెయ్యకుండా కత్తితో రెండు చెక్కలు చేస్తే లోపల తెల్లగా బుర్రగుంజు. దాని కోసం పిల్లలు కొట్టుకునేవారు. ఇప్పటి పిల్లలకి తేగ తెలుసు, బుర్రగుంజు పేరు తెలీదు. ఇలాంటి పేర్లే ముందు పోతాయి.

ఇక ఆడపిల్లల జ్ఞాపకాలు. వీటిని ఎవరూ సరిగ్గా అడగరు. ‘మామ్మా, నీ చిన్నప్పుడు ఎలా ఉండేది?’ అంటే ‘బానే ఉండేదిరా’ అంటుంది, అంతే. ‘నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చేవారు? పూటకెన్ని బిందెలు? కాలవ కట్టేస్తే ఏం చేసేవారు?’ అనడగండి, గంటసేపు ఆగదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పట్నుంచీ మన ఊళ్ల బతుకు కాలవలతో ముడిపడింది. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేసేముందు మంచినీళ్ల చెరువులు నింపుకునేవారు. మళ్లీ కాలవ వదిలేదాకా అదే నీళ్లు. వరద రోజుల్లో వచ్చే ఎర్రనీళ్లని తేర్చడానికి చిల్లగింజని రాతి మీద అరగదీసి, ఆ గంధం బిందెలో కలిపి కదలకుండా ఉంచేవారు. దాన్నే ఇండుపు గింజ అనీ అంటారు. ఒండ్రు అడుక్కి దిగాక పైనీళ్లు వంచుకోవాలి. చిల్లగింజకి బదులు పటిక వాడితే, అది ఎక్కువ పడకూడదు, నీళ్లు వగరెక్కుతాయి. ఇవన్నీ పదేళ్ల ఆడపిల్లకి తెలిసిన విద్యలు. అదే వయసు మగపిల్లాడు, కాలవ కట్టేసిన రోజుల్లో, ఎండిన కాలవ మడుగుల్లో మట్టగిడస చేపల కోసం బురద దేవుతుండేవాడు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ అనాలి. ఏ చెరువు ఎవరిదో, ఏ రేవులో ఎవరు దిగకూడదో, ఎవరికి పైనుంచి నీళ్లు పోసేవారో కూడా చెప్పండి. అది దాచి ‘ఊరంతా ఒక్క కుటుంబంలా ఉండేది’ అంటే అబద్ధం చెప్పినట్టే. దళితపేటల్లో పెద్దలు బతికే ఉన్నారు. వాళ్లనీ అడగమని మీ పిల్లలకి చెప్పండి.

కొలతలు చెప్పేటప్పుడు ఆగి విప్పి చెప్పండి. ‘కుంచం బియ్యం’ అంటే పిల్లలకి అర్థం కాదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బేడ అంటే రెండణాలు, రూపాయికి పదహారణాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక కూడా సంతల్లో చాన్నాళ్లు అణాల్లోనే బేరాలు సాగాయి. సార్వా, దాళ్వా అన్న మాటలు పలికితే కళ్లు తేలేసే పిల్లలు ఈ బెంచీల్లోనే ఉన్నారు. వాళ్లని కోప్పడి లాభం లేదు. సార్వా తొలకరి పంట, దాళ్వా శీతాకాలంలో మొదలై వేసవిలో కోతకొచ్చేది అంటే సరిపోతుంది.

సంవత్సరాలు గుర్తుండవు. ఫరవాలేదు, గోదారికి గుర్తుంటాయి. పుష్కరాలు 1979లో, 1991లో, 2003లో, 2015లో వచ్చాయి. ‘పుష్కరాల రేవులో నిన్ను ఎత్తుకున్నారా, చెయ్యి పట్టుకు నడిపించారా?’ అంటే వయసు తేలిపోతుంది. 1953 వరద, 1986 వరద రెండూ ఆగస్టులోనే. వీటిని కలిపేస్తుంటారు, జాగ్రత్త. విడదియ్యడానికి, అప్పటికి ఊళ్లో కరెంటుందా అనడగండి. కోనసీమ కొబ్బరితోటలు పడుకుండిపోయిన తుపాను 1996 నవంబరు 6న. ‘ఆ తుపానుకి ముందా, తర్వాతా?’ అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే సర్దుకుంటారు.

రికార్డు చేసుకునేవాళ్లకి కొన్ని సంగతులు. ఫోను చెప్పేవాళ్ల నుంచి మూరెడు దూరంలో, గుడ్డ మీద పెట్టండి. నేరుగా బల్ల మీద పెడితే గాజుల చప్పుడు, గ్లాసు చప్పుడు మాటల్ని మింగేస్తాయి. ఫ్యాను ఆపండి. ఉక్కపోస్తే వేకువనే కూర్చోండి. ముందుగా తేదీ, ఊరు, చెప్పేవాళ్ల పేరు పలికించండి. ఇది మర్చిపోతే పదేళ్ల తర్వాత ఆ గొంతు ఎవరిదో ఇంట్లోవాళ్లకే తేలదు. ఒక పూటకి ముప్పావు గంట మించొద్దు. అలిసిపోయిన తాతయ్య కుదించి చెప్తాడు, అల్లరి మాత్రం పెంచి చెప్తాడు. తప్పు చెప్పినా మధ్యలో దిద్దకండి. మర్నాడు అదే సంగతి వేరే దారిలో అడగండి. చేసి చూపించే పనైతే వీడియోలో మొహం కాదు, చేతులు పడాలి. కొబ్బరాకు బూర చుట్టేటప్పుడు ఈనె తీసిన రెబ్బ ఒక్కో చుట్టూ వెనక చుట్టు మీదకి సగం ఎక్కాలి. లేకపోతే సందుల్లోంచి గాలి పోయి బూర పలకదు. అది మాటల్లో చెప్తే ఎవరికీ అందదు, వేళ్లు చూస్తేనే తెలుస్తుంది.

నా మాటలు అయిపోయాయి. గుమ్మం పక్క బల్ల మీద ఉడకబెట్టిన తేగలు పెట్టారు. పెద్దవాళ్లు ఒక్కొక్కరూ ఒక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని తేగ నిలువునా చీల్చండి. మధ్యలో సన్నగా, పచ్చగా మొవ్వ ఉంటుంది. పిల్లల చేతికిచ్చి, అదేంటో అడగండి. తెలీకపోతే దాన్ని చందమామ అంటారని చెప్పండి.